మక్తల్ బస్సు, నా గుండె

9 జూలై 2024, సాయంత్రం

ఇవాళ్టితో నాలుగుసార్లు. మొదటి మూడూ రాసుకోలేదు. ఇకనుంచి రాస్తాను. ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఎక్కడో ఒకచోట ఉండాలి. నాకేమైనా అయితే ఎప్పటినుంచి మొదలైందో నా భార్య అండాలుకు తెలియాలి కదా.

సంగతి ఇది. మామూలుగా కొట్టుకుంటున్న గుండె ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పుతుంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టు ఉంటుంది. ఆ తర్వాతి దెబ్బ గట్టిగా, గొంతులో తగిలేటంత గట్టిగా పడుతుంది. అంతే. మళ్ళీ మామూలు.

ఇవాళ మక్తల్ పోతుంటే దేవరకద్ర దాటాక వచ్చింది. వరసగా మూడు తప్పాయి. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. వెనక అరవై మంది ఉన్నారు. ఎవరికీ తెలియలేదు.

నాకు నలభై ఆరేళ్ళు. ఆర్టీసీలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఒక్క యాక్సిడెంటు లేదు. మా బాపు వెంకట్రామయ్య జీవితమంతా మగ్గం ముందు కూర్చున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంకో పని రాదు.

14 జూలై

రెండుసార్లు. మరికల్ దగ్గర ఒకటి. ఇంట్లో అన్నం కలుపుకుంటుంటే ఒకటి.

22 జూలై, మధ్యాహ్నం

వీక్లీ ఆఫ్. బ్యాంకు పని ఉందని చెప్పి ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఏం పని చేస్తావని అడిగితే కిరాణా దుకాణం అన్నాను. డ్రైవర్‌నంటే ఆ మాట ఎటు తిరిగి డిపోకు చేరుతుందో అని భయం.

ఈసీజీ తీశారు. తీసినంతసేపూ గుండె బుద్ధిగా నడిచింది. బాగు చేయించడానికి తీసుకెళ్తే చప్పుడు మానేసే బండిలాగా. డాక్టరు కాగితం చూసి ఏం లేదన్నాడు. వేళకు తినక పొట్టలో గ్యాస్ తయారై పైకి తంతోందట. పైగా టెన్షన్. ఒక గోలి రాసిచ్చాడు. చూస్తే అది నేను తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే వేసుకునే గ్యాస్ గోలీయే. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇకనుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఏం లేదన్న మాటతో బస్టాండు దాకా సంతోషంగా నడిచాను. బస్టాండు ముందు రోడ్డు దాటుతుంటే ఒకటి తప్పింది.

3 ఆగస్టు

మక్తల్ బస్టాండులో బండి వెనక్కి తీస్తుంటే ఎడమ పిక్క పట్టేసింది. క్లచ్ మీద కాలు రాయిలా బిగుసుకుపోయింది. అరిచాను.

కండక్టర్ జాహేదా పరుగెత్తుకొచ్చి నా కాలు కిందికి దించి వేళ్ళు వెనక్కి విరిచి పట్టుకుంది. ఆమెది జడ్చర్ల. నాలుగు నెలలుగా ఇద్దరికీ ఎక్కువగా ఒకే డ్యూటీ పడుతోంది. నాకంటే పదేళ్ళు చిన్నది, అయినా నన్ను పిల్లాడిని అదిలించినట్టు అదిలిస్తుంది. నీళ్ళు తాగవు, తిండి తినవు, చాయ్ మీదనే బతుకుతున్నావని తిట్టింది. తన టిఫిను సంచిలోంచి అరటిపండు తీసి ఇచ్చింది.

పిక్క ఇంకా నొప్పిగానే ఉంది. గుండె సంగతి ఆమెకు చెప్పలేదు.

11 ఆగస్టు

డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. ఏ రాష్ట్రమో తెలియదు. బస్సు లోపలి కెమెరా. డ్రైవరు నడుపుతూ ఛాతీ మీద చేయి వేసుకుంటాడు. తల వాలిపోతుంది. బస్సు పోతూనే ఉంటుంది.

పదకొండుసార్లు చూశాను. చేయి వేసుకోవడానికీ తల వాలడానికీ మధ్య నాలుగు సెకన్లు. అరవై స్పీడులో నాలుగు సెకన్లంటే అరవై ఏడు మీటర్లు. ఆరు బస్సుల పొడవు.

గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

19 ఆగస్టు

ఎడమ కంటి రెప్ప అయిదు రోజులుగా కొట్టుకుంటోంది. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుంటే చేయి వణికి లుంగీ మీద ఒలికింది. అండాలు చూసింది. దాచుకుని తాగుతున్నావా అని అడిగింది. ఇన్నేళ్ళ కాపురంలో మందు ముట్టనివాడిని. కోపం రావాల్సింది. రాలేదు. తాగుతున్నానని ఒప్పుకుంటే ఇంకేమీ అడగదు కదా అనిపించింది.

రొట్టె చేయనా అని అడిగింది. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో జొన్న రొట్టె, పప్పు, ఏదో ఒక ఆకుకూర. ఇప్పుడు రేషన్ బియ్యం, పలుచటి చారు. డ్యూటీలో ఉప్మా, మిర్చి, చాయ్. అండాలు బడిలో రెండు వందల మంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి వస్తుంది. ఇంటికొచ్చి మళ్ళీ పిండి పిసకమని ఎట్లా అంటాను. వద్దన్నాను.

27 ఆగస్టు, సాయంత్రం 5 గంటలు

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండున్నర ట్రిప్. ఆడవాళ్ళకు టికెట్ తీసేసినప్పటినుంచి ఏ ట్రిప్పూ ఖాళీగా పోవడం లేదు. డెబ్బై ఎనిమిది మంది. నా పక్కన బానెట్ మీద ఒక పిల్లతల్లి, ఒళ్ళో ఏడాది పాప. ఆ పాప దారి పొడుగునా నా చొక్కా పట్టి లాగుతోంది.

దేవరకద్ర దాటి ఆరేడు కిలోమీటర్లు. రెండు పక్కలా పత్తి చేన్లు. స్పీడు యాభై అయిదు. గుండె ఒకటి తప్పింది. ఇంకొకటి. ఆ తర్వాత తప్పడం కాదు, ఉరుకుడు. వైబ్రేషన్‌లో పెట్టిన ఫోను ఛాతీ లోపల మోగుతున్నట్టు. గాలి అందలేదు. రోడ్డు అంచులనుంచి తెల్లదనం లోపలికి పాకింది. మధ్యలో చిన్న కిటికీ అంత జాగా మిగిలింది. ఆ జాగాలో ఒక ట్రాక్టరు. అది నా వైపు రావడం లేదు. నేనే దాని వైపు పోతున్నాను.

ఎంతసేపో తెలియదు. ట్రాక్టరు హారన్ వినిపించింది. చేతులు వాటంతట అవే తిప్పాయి. బస్సు ఎడమకు ఊగి, నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. బ్రేకు వేసి మట్టిలోకి దించాను. ఆగింది.

పాప ఏడుస్తోంది. ఒక పెద్దాయన తాగి నడుపుతున్నావా అని లేచాడు. నేను దిగి వెనక చక్రం దగ్గర కూలబడ్డాను. టైరు కొడుతోంది, చూస్తున్నానని చెప్పాను.

జాహేదా వచ్చింది. టైరును కాలితో తన్ని చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"టైరుకేం కాలే అన్నా. నీకైంది. ఎన్ని దినాలసంది?"

ఎండ దెబ్బ అన్నాను.

"ఎండ ఏడుంది? పొద్దుగాలసంది మబ్బు పట్టే ఉంది. అబద్ధం ఆడకు."

చెప్పేశాను. జూలైనుంచి అన్నీ చెప్పేశాను. డిపోలో తెలిస్తే అన్‌ఫిట్ చేస్తారని, బస్సు దిగితే నేను ఎవరికీ ఏమీ కానని చెప్పాను. ఆమె నా ఎదురుగా మట్టిలో గొంతుక్కూర్చుంది.

"అన్‌ఫిట్ అయితే నీకు ఇంకో పని ఇస్తరు. గా బానెట్ మీద కూసున్నామెకు ఇంకో పాపనిస్తరా?"

నా పొట్ట కొడితే నీకేమొస్తది అన్నాను. ఈ మాట రాయడానికే సిగ్గేస్తోంది. ఆమె లేచింది. వెనక వచ్చిన నారాయణపేట బస్సు ఆపి, నిలబడ్డవాళ్ళందరినీ అందులోకి ఎక్కించింది. మిగిలినవాళ్ళతో ముప్ఫై స్పీడులో మక్తల్ చేరాను. దారంతా ఆమె నా సీటు పక్కన రాడ్డు పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది.

దిగేటప్పుడు చెప్పింది. రేపు తనకు ఆఫ్. ఎల్లుండి షాద్‌నగర్ రూటు. శుక్రవారం మళ్ళీ నా బస్సే.

"శుక్రవారం దాంక టైమిస్తున్న. నువ్ డీఎం సార్‌కు చెప్పకుంటే నేను చెప్త."

28 ఆగస్టు

వేరే కండక్టర్. మూడు ట్రిప్పులు. పదిహేడుసార్లు.

29 ఆగస్టు

డ్యూటీ ఎక్కేముందు డిపో మేనేజర్ గది దాకా వెళ్ళాను. తలుపు తీసే ఉంది. లోపల ఇద్దరు మెకానిక్కులు ఏదో బండి గురించి మాట్లాడుతున్నారు. సారు తలెత్తి, ఏంది వెంకటరాజం అని అడిగాడు. లీవు గురించి అన్నాను. తర్వాత రా అన్నాడు.

తర్వాత వెళ్ళలేదు. బండి తీశాను. డెబ్బై మందిని ఎక్కించుకుని అదే రోడ్డు మీద, అదే చోటు దాటి పోయాను. అక్కడ మట్టిలో నా టైర్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

30 ఆగస్టు, శుక్రవారం

ఉదయం 7:10 ట్రిప్. ప్లాట్‌ఫారం మీద బండి పెట్టాను. జాహేదా ముందు డోరు దగ్గర నిలబడి ఉంది. నమస్తే కూడా పెట్టలేదు. చెప్పినవా అని అడిగింది. ఈ ట్రిప్ అయ్యాక చెప్తానన్నాను. ఈ ట్రిప్పే వద్దంది. ఆమె అట్లా అంటూ ఉండగానే జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు.

అద్దంలో చూశాను. మూడో సీటులో అండాలు. పక్కన మా బిడ్డ సంధ్య. మరికల్‌లో మా చెల్లె సుగుణమ్మ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నారని అండాలు వారం కిందే చెప్పింది, నేను మరిచిపోయాను. సంధ్య అద్దంలో నన్ను చూసి చేయి ఊపింది.

గేరు వేశాను. క్లచ్ వదలాలి. కాలు వదలలేదు. తిమ్మిరి లేదు, నొప్పి లేదు. కాలు బాగానే ఉంది. నేనే వదలలేకపోయాను.

నెలన్నరగా రోజూ డెబ్బై మందిని, ఎనభై మందిని ఈ సీటు వెనక కూర్చోబెట్టుకున్నాను. మూడో సీటులో రోజూ ఎవరో ఒకరు ఉన్నారు. ఆ కూర్చున్నవాళ్ళు నావాళ్ళు అయితే తప్ప నా కాలు ఆగలేదు. ఇది నా గుండె తప్పిన దానికంటే పెద్ద తప్పు. ఇంకెక్కడా చెప్పుకోలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంజన్ ఆపాను. తాళం చెవి జాహేదా చేతిలో పెట్టాను. కంట్రోలర్ బల్ల దగ్గరికి నడిచి, నేను నడపలేను సార్, నా గుండె బాగాలేదు అన్నాను. వెనక జనం గోల చేస్తున్నారు. జాహేదా వాళ్ళకు సర్దిచెప్తున్న గొంతు వినిపించింది. అండాలు దిగి నా దగ్గరికి వచ్చింది.  నా చేయి పట్టుకుని పక్కనే నిలబడింది.

కంట్రోలర్ కుర్చీ వేశాడు. డీఎం సారే జీపు పంపించాడు. తిడతాడనుకున్నాను. దవాఖానకు పోయినాక ఫోన్ చేయమని మాత్రం అన్నాడు.

31 ఆగస్టు, పెద్ద దవాఖాన

గుండె వార్డు. ఛాతీకి వైర్లు. నెత్తి పక్కన మానిటర్. అందులో నా గుండె గీతలు గీతలుగా పోతోంది. ఇన్ని రోజులు లోపల వినబడ్డది ఇప్పుడు కళ్ళకు కనబడుతోంది. ఇది ఇంకా భయం.

రక్తంలో పొటాషియం తక్కువ, రెండు పాయింట్ ఆరు అన్నారు. మూడున్నర ఉండాలట. డ్రిప్ పెట్టారు, తియ్యటి సిరప్ తాగించారు. రేపటికి పెరుగుతుందన్నారు.

పక్క మంచం మారయ్య. డెబ్బై దగ్గర ఉంటాయి. మక్తల్ అవతల గొర్లు కాసేవాడు. గుండెపోటు వచ్చి మూడు రోజులైంది. నేను ఆ రూటు డ్రైవర్‌నని తెలిసి, మా ఊరి కాడ చెయ్యెత్తితే ఒక్కనాడన్న ఆపినవా అని దెబ్బలాడాడు. తర్వాత నవ్వాడు.

1 సెప్టెంబర్

పొటాషియం రెండు పాయింట్ ఏడు. ఇంత పోసినా పెరగలేదు. పెద్ద డాక్టరు కాగితం చూసి నుదురు ముడిచాడు. డాక్టర్ల నుదుళ్ళు చూడకూడదు.

2 సెప్టెంబర్, మధ్యాహ్నం 12

పదకొండు గంటలకు అండాలు అన్నం డబ్బా విప్పుతోంది. గుండె ఉరికింది. మానిటర్ కూత పెట్టింది. ఆ తర్వాత సీలింగు తెల్లగా, ఇంకా తెల్లగా. ఎవరో నా పేరు అరుస్తున్నారు. అండాలు గొంతు దూరంగా.

మళ్ళీ తెలివి వచ్చేసరికి మంచం చుట్టూ ఆరుగురు. షాక్ ఇచ్చే మెషీను పక్కన పెట్టి ఉంది. వాడలేదట. గుండె ఉరుకుడు తనంతట తానే ఆగింది, పంతొమ్మిది సెకన్లు ఉంది అన్నారు.

అరవై స్పీడులో పంతొమ్మిది సెకన్లు. లెక్క వేయను.

అదే రోజు, సాయంత్రం 4

డాక్టర్ భాగ్యశ్రీ అనే ఆమె వచ్చింది. పీజీ చదువుతోందట, మునుగోడు వైపు ఊరు. మా సంధ్య కంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద ఉంటుంది. స్టూలు లాక్కుని కూర్చుంది. పొద్దున లేచినకాడినుంచి పడుకునే దాకా నోట్లోకి ఏమేం పోతుందో అన్నీ చెప్పమంది. చాయ్‌లు లెక్కబెట్టింది. ఆకుకూర చివరిసారి ఎప్పుడు తిన్నావని అడిగితే నేను అండాలు వైపు చూశాను, అండాలు కిందికి చూసింది.

మందులు? బీపీ గోలి ఒకటే అన్నాను. ఇంకేం లేవా? లేవు. నిద్రకు? లేదు. మోకాళ్ళకు? లేదు. గ్యాస్‌కు?

నాకు నవ్వొచ్చింది. "అది మందేంది మేడం. డ్రైవర్ల జేబుల అందరికీ ఉంటది."

ఆమె నవ్వలేదు. ఎన్నేళ్ళనుంచి అని అడిగింది. తొమ్మిదేళ్ళు. ఎవరు రాసిచ్చారు? ఎవరూ రాయలేదు, మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. రోజుకు ఎన్ని? నెలన్నరనుంచి రెండు.

ఆమె లేచి నిలబడి బీపీ గోలి అట్ట వెనక్కి తిప్పి చదివింది. అండాలుకూ అర్థమయ్యేటట్టు నిదానంగా చెప్పింది. ఒంట్లో మెగ్నీషియం అని ఒకటి ఉంటుంది. గుండె తాళం తప్పకుండా కొట్టుకోవాలంటే అది కావాలి. కండరాలకు కూడా కావాలి, అందుకే పిక్కలు పట్టడం, రెప్ప కొట్టుకోవడం. గ్యాస్ గోలి ఏళ్ళ తరబడి వేసుకుంటే కొందరికి పేగు దాన్ని సరిగా పీల్చుకోదు. నా బీపీ గోలిలో నీరు దించే మందు ఉంది, అది ఉన్నదాన్ని మూత్రంలో పంపిస్తుంది. తిండిలోనేమో వచ్చేదే తక్కువ.

"మెగ్నీషియం లేకుంటే పొటాషియం నిలవదు పెద్దనాన్నా. మేం పైనుంచి పోస్తున్నం, కిందనుంచి కారిపోతాంది. మెగ్నీషియమే నింపాలె ముందు."

పరీక్ష బయటి ల్యాబులో చేయించాలి. ఆ రక్తం సీసా అండాలే తీసుకుపోయింది. ఆటోలో పగిలిపోతుందేమోనని పిడికిట్లో పట్టుకుని, ఆ పిడికిలి మీద ఇంకో చేయి వేసుకుని వెళ్ళింది. రిపోర్టు కోసం ఆగనని డాక్టరమ్మ డ్రిప్ పెట్టేసింది. ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది, భయపడకు అంది.

వేడి నిజంగానే వచ్చింది. మెడనుంచి అరికాళ్ళ దాకా. చావు ఇట్లాగే ఉంటుందేమో, చెప్పి మరీ తెస్తారేమో అనుకున్నాను. ఆమె చిన్న సుత్తితో మోకాలు మీద కొట్టి చూసింది. కాలు ఎగిరింది. ఎగిరితే మంచిదే అంది. అరగంటకోసారి వచ్చి కొట్టింది.

3 సెప్టెంబర్

మెగ్నీషియం సున్నా పాయింట్ ఏడు. ఒకటి పాయింట్ ఏడు ఉండాలి. డాక్టర్ భాగ్యశ్రీ ఆ కాగితం పెద్ద డాక్టరుకు చూపించి నా మంచం దగ్గరే నిలబడి మాట్లాడింది. నాకు ఇంగ్లీషు అర్థం కాలేదు. ఆయన తలూపడం అర్థమైంది.

సాయంత్రానికి పొటాషియం మూడు పాయింట్ నాలుగు. మధ్యాహ్నం రెండునుంచి ఒక్కటి కూడా తప్పలేదు. తప్పుతుందేమోనని చూస్తూ అలసిపోయాను.

4 సెప్టెంబర్

మారయ్య పోయాడు.

పొద్దున పాలు తాగాడు. మధ్యాహ్నం నాకు పథ్యం ఏం చెప్పారని అడిగాడు. జొన్న రొట్టె, ఆకుకూర, పప్పులు, పల్లీలు తినమన్నారని చెప్పాను. "నా పానం పుట్టినకాడికెల్లి నేను తిన్నది గదే గదరా" అన్నాడు. మూడున్నరకు ఆయన మానిటర్ కూత పెట్టింది. ఈసారి మెషీను వాడారు. మూడుసార్లు. కర్టెన్ లాగారు కానీ కింద సందులో అందరి కాళ్ళూ కనిపించాయి. చివరికి కాళ్ళు పరుగెత్తడం ఆపాయి.

డాక్టర్ భాగ్యశ్రీ వచ్చినప్పుడు అడిగాను. జొన్న రొట్టె తిన్నాయన పోయాడు కదా, మరి నాకెందుకు చెప్తున్నారు? ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయనది రక్తనాళం మూసుకుపోయిన జబ్బు, యాభై ఏళ్ళ బీడీలు, షుగర్ ఉన్నట్టు ఆయనకే తెలియదు అంది.

"రొట్టె తాయెత్తు కాదు పెద్దనాన్నా. నీకు లేని సరుకు ఒకటి ఉండె, దాన్ని నింపుకోమంటున్న. గంతే."

ఆ మంచం మీద సాయంత్రానికి ఇంకొకాయన.

7 సెప్టెంబర్

ఇంటికి పంపించారు. గ్యాస్ గోలి బంద్. బీపీ గోలి మార్చారు. మెగ్నీషియం గోలి మూడు నెలలు. డ్రైవింగ్ ఆరు నెలలు వద్దు, ఆ తర్వాత పరీక్షలు చేసి చెప్తారట.

చివరి మాట రాయడానికి చాలాసేపు పట్టింది.

16 సెప్టెంబర్

ఛాతీలో మంట. నిన్నటినుంచి. ఇది గుండె అనుకుని సంధ్యను ఆటో పిలవమన్నాను. దవాఖానలో ఈసీజీ తీసి, తొమ్మిదేళ్ళ గోలి ఒక్కసారి మానితే ఆమ్లం ఎగదన్నుతుంది, కొన్ని వారాల్లో తగ్గుతుందన్నారు. వేరే రకం మందు కొద్దిరోజులకు ఇచ్చారు. చాయ్ తగ్గించమన్నారు.

అలవాటుగా చేయి చొక్కా జేబులోకి పోతోంది. జేబు ఖాళీ.

25 సెప్టెంబర్

అండాలుకు కొత్త పిచ్చి పట్టింది. గుమ్మడి గింజలు, నువ్వులు, పెసలు, తోటకూర, బొబ్బర్లు. సంధ్య ఫోనులో చూసి చెప్తుంది, ఈమె వండుతుంది. ఎవరో చెప్పారని మెగ్నీషియం పొడి డబ్బా కూడా తెప్పించింది. రెండు స్పూన్లు తాగితే పొద్దున్నుంచి నీళ్ళ విరేచనాలు. డాక్టర్ భాగ్యశ్రీకి ఫోన్ చేస్తే గట్టిగా కోప్పడింది. రాసిచ్చిన గోలి తప్ప ఇంకేమీ వేసుకోవద్దు, విరేచనాలైతే ఉన్నది కూడా పోతుంది, ఎక్కువైతే కిడ్నీల మీద పడుతుంది అంది.

అండాలు ఆ డబ్బా బయట పారేసి వచ్చి వాకిట్లో కూర్చుని ఏడ్చింది. నిన్ను నేనే చంపుతుంటి అంది. పక్కన కూర్చున్నాను. నేనూ ఏడ్చాను. ఆమె ఎందుకు ఏడ్చిందో అందుకు కాదు. ఆ మూడో సీటు సంగతి ఆమెకు అప్పుడే చెప్పాను కనుక.

12 అక్టోబర్

జాహేదా వచ్చింది. జడ్చర్లనుంచి జామపండ్లు తెచ్చింది. అండాలు కొట్టిన జొన్న రొట్టె, తోటకూర పప్పు తింది. ఇప్పుడు రొట్టె వారానికి నాలుగు రోజులు. పిండి నేను పిసుకుతాను, అండాలు కొడుతుంది. నేను కొడితే దేశం పటం వస్తోంది.

పొట్ట కొడతావా అన్నందుకు క్షమించమన్నాను. ఆమె తుంచిన రొట్టె ముక్కను పళ్ళెంలో పెట్టేసింది.

"ఆ దినమే నిన్ను దించాల్సి ఉండె అన్నా. డిపోకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసిన. చేయలే. నీతోని దుష్మనీ ఎందుకని. బుధవారం, గురువారం నువ్ తోలుతుంటే నేను నమాజుల కూసొని ఒక్కటే దువా చేసిన."

ఆమెకూ భయమే ఉండిందని నాకు అప్పటిదాకా తోచలేదు.

9 డిసెంబర్

మెగ్నీషియం ఒకటి పాయింట్ తొమ్మిది. గోలి ఆపేశారు. ఇక తిండే.

బస్టాండులో మైకు దగ్గర పని ఇచ్చారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పాలి. మక్తల్ బస్సు అని నా నోటితో నేనే అంటాను. ఇంకొకరు తీసుకుపోతారు. బస్సు మలుపు తిరిగేదాకా మైకు నొక్కి పట్టుకునే ఉంటానట. నా ఊపిరి ప్లాట్‌ఫారమంతా వినిపించిందని కంట్రోలర్ నవ్వాడు.

21 జనవరి 2025

గోలి లేకుండా ఆరు వారాలు. రక్తం పరీక్ష: ఒకటి పాయింట్ ఎనిమిది. నిలబడింది.

ఒకటి తప్పింది నిన్న. ఒక్కటే. అది అందరికీ అప్పుడప్పుడు తప్పుతుంది, తెలియదంతే అన్నారు. నాకు తెలుస్తుంది. ఇక జీవితమంతా తెలుస్తుందేమో.

5 మార్చి

హైదరాబాద్‌లో రెండు రోజులు పరీక్షలు. ట్రెడ్‌మిల్ మీద ఉరికించారు. ఇరవై నాలుగు గంటలు మెషీన్ కట్టారు. ఫిట్ అని కాగితం ఇచ్చారు.

ఆ కాగితం కోసం ఆరు నెలలు చూశాను. వచ్చాక అండాలుకు ఇచ్చి దాచిపెట్టమన్నాను. మూడు రోజులు డిపోకు వెళ్ళలేదు. గుండె ఫిట్. నేను కాదు. దేవరకద్ర దాటాక ఆ చోటు వస్తుంది కదా, అక్కడ ఏం చేయాలి?

జాహేదాకు ఫోన్ చేసి అడిగాను. భయమైతుంది అన్నాను.

"మంచిదే కద అన్నా. భయం లేని డ్రైవర్ పక్కన నేను నిలబడ."

10 మార్చి, మక్తల్, మధ్యాహ్నం 1:20

ఆ చోటు దాటి, నేనే బస్సు నడుపుకుంటూ వచ్చాను.

ఇంజన్ ఆపి దిగి ముందు డోరు దగ్గర నిలబడ్డాను. దిగేవాళ్ళను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను. అరవై నాలుగు. సంచులు, చంటిపిల్లలు, ఒకామె చేతిలో కోడి. ఎండకు కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ, ఫోన్లు మాట్లాడుకుంటూ పోయారు.

ఒక్కరు కూడా నా ముఖం చూడలేదు.